లెక్క తేలని అద్దం

మా మేనల్లుడు హైదరాబాదులో విమానాలు మరమ్మతు చేసే ఒక పెద్ద హ్యాంగరులో పని చేస్తున్నాడు. మొన్న ఫోన్ చేసి, "మామయ్యా, ఈ వారం మాకు ఎఫ్.ఓ.డి. మీద క్లాసులు. అంటే ఏంటో తెలుసా? విమానంలో ఉండకూడని వస్తువు విమానంలో ఉండిపోవడం. స్పానరు కావచ్చు, బోల్టు కావచ్చు, గుడ్డపేలిక కావచ్చు. అందుకని ప్రతి టూలుకీ బోర్డు మీద దాని ఆకారం గీసి పెడతారు. ఖాళీ కనిపించిందా, విమానం కదలదు. ఎంత మంచి పద్ధతో చూడు, ఫారిన్ వాళ్లది" అన్నాడు.

నేను ఫోన్ పెట్టేశాను. మా ఆవిడ చీవాట్లు పెడితే మళ్లీ చేసి, లైను కట్ అయిందని చెప్పాను.

వాడి తప్పు లేదు. కానీ ఆ "ఫారిన్ వాళ్లది" అన్న ముక్క దగ్గర నాకు మండింది. అలాంటి బోర్డు నేను నా చేతులతో చేశాను. సామాన్లు వచ్చిన చెక్కపెట్టె పగలగొట్టి, చిత్రిక పట్టి, ప్రతి టూలునీ దాని మీద పడుకోబెట్టి చుట్టూ పెన్సిలుతో గీసి, లోపల ఎర్ర పెయింటు వేశాను. ప్రపంచంలో నేనే మొదటివాణ్ణని అనను. నాకు ఎవరూ చెప్పలేదు, నేను ఎక్కడా చూడలేదు. అంతవరకూ ఎవరు అడిగినా చెప్తాను.

అందుకే ఇది రాస్తున్నాను. వాడి కోసం, వాడి ఈడు పిల్లల కోసం. పేర్లు రాయను. కొందరు పోయారు. ఉన్నవాళ్లు చదివితే ఎవరి సంగతి వాళ్లకి తెలుస్తుంది. తెలియాలనే రాస్తున్నాను.

అవి డెబ్భైల చివరి రోజులు. వరికి సుడిదోమ పట్టిన ఏళ్లు. దోమ దుబ్బు మొదట్లో చేరి రసం పీల్చేసేది. పచ్చటి చేను నడిమధ్య గుండ్రంగా ఎండి, ఎవరో నిప్పు పెట్టినట్టు అయ్యేది. మూడు రోజులు చూస్తూ ఊరుకుంటే ఆ గుండ్రం పక్క చేలోకి పాకేది. చేతిపంపులతో మందు కొట్టడానికి మనుషులు చాలేవారు కాదు. మా సంస్థ విమానంతో పొలాల మీద మందు చల్లేది. ఒక్క మనిషి మాత్రమే కూర్చునే చిన్న విమానం. ఇంజనుకీ పైలటుకీ మధ్య మందు ట్యాంకు. రాజమండ్రికి అవతల ఒక పాత ఎయిర్‌స్ట్రిప్, దాని పక్కన రేకుల షెడ్డు, అదే మా బేసు. ఒక ఇన్‌ఛార్జి గారు, ఒక పైలటు, ఇద్దరు మెకానిక్కులం. ఆ ఇద్దరిలో ఒకణ్ణి నేను.

నాది నరసాపురం. మా అమ్మ, చెల్లెళ్లు లేసు అల్లి నన్ను ఐ.టి.ఐ. చదివించారు. మా ఇంట్లో ఒక నియమం ఉండేది. లేసు సూది కనపడకపోతే, అది దొరికేదాకా చాప మీంచి ఎవరూ లేవకూడదు. బయట ఎవరు పిలిచినా సరే, పొయ్యి మీద అన్నం మాడినా సరే. నా చిన్నప్పుడు అలా పోయిన ఒక సూది మా నాన్న మడమలో తేలింది. ఆయన ఆ కాలు ఈడుస్తూనే చివరిదాకా నడిచారు. అందుకని అమ్మ, "దొరకలేదంటే లేదని కాదురా, ఎవరి కాలికోసమో చూస్తోందని" అనేది.

ఈ సంగతి ఒకసారి బుద్ధి తక్కువై మా రెండో మెకానిక్కుకి చెప్పాను. అతను రాజమండ్రి మనిషి, చేతిపని బంగారం, నోరు మాత్రం సంత. అప్పట్నించి నేను గీసిన బోర్డుకి "లేసు బోర్డు" అని పేరు పెట్టాడు. పొద్దున్నే షెడ్డులోకి వస్తూ, "ఏం గురూ, ఇవాళ ఎన్ని మూరలు అల్లావు?" అనేవాడు. నాలుగేళ్లలో ఆ మాట ఎన్నిసార్లు అన్నాడో నేను చెప్పగలను. చెప్పను.

ఇన్‌ఛార్జి గారిది మరో రకం. మా రన్‌వే చుట్టుపక్కల ఊళ్లవాళ్లకి రన్‌వే కాదు, దేవుడిచ్చిన కళ్లం. మినుములు, మిరపకాయలు ఆరబోసుకునేవారు. వాళ్లు ఎత్తుకుపోయాక రాళ్లు, మేకులు, సీసామూతలు, గోనెపీచు మిగిలేవి. విమానం లేచే ముందు నేను గోనెసంచి పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచి అన్నీ ఏరేవాణ్ణి. ఒకసారి హెడ్డాఫీసు నుంచి ఒక పెద్దాయన వస్తే, ఇన్‌ఛార్జి గారు నన్ను చూపించి, "మావాడు పేరుకి మెకానిక్కండి, మనసంతా మునిసిపాలిటీలో ఉంటుంది" అన్నారు. ముగ్గురు నవ్వారు. ఆ పెద్దాయన నవ్వలేదు. షెడ్డులోకి వచ్చి బోర్డు చూసి, "ఇది చాలా బాగుందే, ఎవరి ఆలోచన?" అన్నాడు. ఇన్‌ఛార్జి గారు గొంతు సవరించుకుని, "నేనే పెట్టించానండి" అన్నారు. నేను సంచి పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.

ఇక అసలు సంగతికి వస్తాను.

ఆ సంవత్సరం దసరా సరిగ్గా దోమ ఉధృతంలో వచ్చింది. రోజూ తెల్లవారకముందే విమానం లేచేది. ఎండ ఎక్కి గాలి మొదలైతే మందు చేను మీద పడదు, పక్క ఊరి మీద పడుతుంది. అందుకని పొద్దున ఎనిమిది, ఎనిమిదిన్నర దాటితే మళ్లీ సాయంత్రమే. ఆయుధపూజ ఒక్కరోజు మాత్రం సెలవిచ్చి, పూజ ఘనంగా చెయ్యాలని ఇన్‌ఛార్జి గారు నిర్ణయించారు. పక్క ఊరి నుంచి పంతులుగారిని పిలిపించారు. పెద్దాయన, కోనసీమ నుంచి వచ్చి స్థిరపడ్డవారు. సైకిలు మీద వెనక ఒక గుడ్డసంచి, అందులో పూజసామాను.

టూల్సన్నీ తెల్లపంచె మీద పరిచి అమ్మవారి పటం ముందు పెట్టాం. విమానానికి పసుపు, కుంకుమ, ముక్కుకి మామిడాకుల తోరణం. నేను అప్పటికే ఇంజను గాలి పీల్చే కంతకి గోనెగుడ్డ కట్టేశాను.

"అదేంటయ్యా, దేవుడి అక్షింతలకి కూడా అడ్డమా?" అన్నారు ఇన్‌ఛార్జి గారు.

"అక్షింతలు దేవుడివేనండి. ఇంజను మనది."

కొబ్బరికాయ కూడా విమానం దగ్గర కొట్టనివ్వలేదు. ముప్ఫై గజాల దూరం తీసుకుపోయి కొట్టించాను. పెంకుముక్కలు ఏరడానికి నేనే వెళ్లాను. ఆ వెళ్లడంలో షెడ్డులో ఏం జరిగిందో చూడలేదు.

తిరిగి వచ్చేసరికి ఇన్‌ఛార్జి గారు, "లోపల కూడా తీర్థం చల్లండి పంతులుగారూ, పైలటు కూర్చునే చోట" అంటున్నారు. నేను వద్దన్నాను. "నువ్వు నోరు మూసుకుని పెద్దాయన చెయ్యి పట్టుకో, జారిపడతారు" అన్నారు. పంతులుగారు రెక్క మీదకెక్కి, లోపలికి వంగి, తీర్థం చల్లి, బొట్టు పెట్టారు. దిగేటప్పుడు నేను ఆయన చెయ్యి పట్టుకుని పాదాలు చూస్తున్నాను. చేతులు చూడలేదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి రాయాలి. ఆయుధపూజలో పెట్టిన పనిముట్లని మర్నాడు ఉద్వాసన చెప్పేదాకా కదపకూడదని ఆచారం. రోజూ సాయంత్రం టూల్సన్నీ బోర్డు మీద పెట్టి, ఖాళీ లేకుండా చూసుకుని ఇంటికెళ్లడం నా పద్ధతి. ఆ సాయంత్రం పూజలో ఉన్నవాటిని ముట్టుకుంటే, గోనెగుడ్డకే అన్ని మాటలన్నవాళ్లు ఇంకేమంటారో అని ఊరుకున్నాను. కనీసం నిలబడి కళ్లతో లెక్కపెట్టుకోవచ్చు. అదీ చెయ్యలేదు. షెడ్డు తాళం వేసి వెళ్లిపోయాను. నా సర్వీసు మొత్తంలో లెక్క చూడని సాయంత్రం అదొక్కటే.

మర్నాడు చీకటితోనే వచ్చి, దణ్ణం పెట్టుకుని, పంచె మీంచి ఒక్కొక్కటే తీసి బోర్డుకి తగిలించాను. అన్నీ అయ్యాక ఒక ఖాళీ మిగిలింది. పొడుగు కాడ, చివర గుండ్రం. అద్దం ఆకారం.

పళ్లడాక్టరు నోట్లో పెట్టి చూసే అద్దం ఉంటుందే, అలాంటిదే, కాస్త పెద్దది. తల దూరని చోట్లు చూడటానికి వాడేవాళ్లం. పంచె దులిపాను. పటం వెనక చూశాను. పువ్వులన్నీ విప్పి చూశాను. లేదు.

అప్పటికే విమానంలో మందు నింపేశారు. పెనుగొండ వైపు నుంచి ఒక రైతు మోటారుసైకిలు మీద వచ్చి నిలబడి ఉన్నాడు. పొలాల్లో పైలటుకి గుర్తుగా జెండాలిచ్చి మనుషుల్ని నిలబెట్టి, విమానం బయల్దేరడం కళ్లారా చూసుకుని వెళ్దామని వచ్చాడు. టూల్స్ లెక్క సరిపోయిందని నేను సంతకం పెట్టాలి. దాని కింద ఇన్‌ఛార్జి గారు పెట్టాలి. అప్పుడు విమానం కదులుతుంది. కాగితం మీద ఉన్న రూలే అది. కాగితం దాటి బయటికి రావడం మాత్రం ఆ రోజే మొదలు.

ఇన్‌ఛార్జి గారు వచ్చి పుస్తకం చూశారు. "సంతకం ఏదయ్యా?"

"లెక్క తేలలేదండి. అద్దం కనపడటం లేదు."

"అద్దమా? స్పానరు కాదుగా?"

"కాదండి. అద్దం."

"అద్దం పోతే పోయింది, కొత్తది తెప్పిస్తా. పెట్టు సంతకం."

"లెక్క తేలలేదండి."

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను పక్కకి తీసుకెళ్లి, గొంతు తగ్గించి, "నీ కన్ఫర్మేషన్ కాగితం నా బల్ల మీద ఉంది. నేను పంపితే నీకు పర్మనెంటు. పంపకపోతే నీ సంగతి నీకు తెలుసు. ఆలోచించుకో" అన్నారు.

ఆలోచించాను. నాకు అప్పటికి ఉద్యోగం ప్రొబేషన్‌లోనే ఉంది. నరసాపురంలో ఇంకా లేసే అల్లుతున్నారు. ధైర్యంగా నిలబడ్డానని రాసుకోవచ్చు, అడిగేవాడు లేడు. కానీ ఆ క్షణంలో నేను పుస్తకం తెరిచి, పెన్ను మూత కూడా తీశాను. ఆగింది ఎందుకంటే, వెనక నుంచి మా రెండో మెకానిక్కు, "పెట్టెయ్ గురూ, ఇదేం లేసుసూదా" అన్నాడు.

పెన్ను మూత పెట్టేశాను.

రైతు దగ్గరికొచ్చి చేతులు జోడించాడు. "బాబుగారూ, మా చేలో మొన్న సాయంత్రానికి చాపంత ఉందండి మచ్చ. నిన్న చీకటిపడేసరికి వాకిలంత అయింది. ఈ పూట పోతే నాకింక కోసుకోడానికి ఏమీ ఉండదండి. ఆయ్, మీ కాళ్లు పట్టుకుంటాను."

ఇన్‌ఛార్జి గారి బెదిరింపు కంటే అది కష్టంగా ఉంది. "ఆగండి బాబూ" అన్నాను.

అంతలో పైలటు వచ్చారు. బందరు వైపు మనిషి, కెప్టెన్ గారనే పిలిచేవాళ్లం. మాటలు తక్కువ. చెప్పిందంతా విని, రెక్క ఎక్కి లోపల కూర్చుని, స్టిక్కు ముందుకీ వెనక్కీ ఆడించారు. స్టిక్కంటే పైలటు రెండు మోకాళ్ల మధ్య ఉండే కర్ర. వెనక్కి లాగితే విమానం లేస్తుంది, ముందుకి నెడితే దిగుతుంది. అది హాయిగా ఆడింది.

"అంతా ఫ్రీగానే ఉందండీ" అన్నారు నాతో.

"చూశారా!" అన్నారు ఇన్‌ఛార్జి గారు.

"కెప్టెన్ గారూ, అద్దం ఎక్కడ లేదో చెప్పగలనండి. బోర్డు మీద లేదు. ఎక్కడ ఉందో మాత్రం చెప్పలేను. అది చెప్పగలిగినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉంటే, సంతకం వాళ్లని పెట్టమనండి" అన్నాను.

కెప్టెన్ గారు కాసేపు బోర్డు మీద ఆ ఎర్ర ఖాళీ వైపు చూశారు. తలకున్న హెల్మెట్టు తీసి రెక్క మీద పెట్టి, "అయితే వెతకండి. నేను తొందరపడటం లేదు" అన్నారు.

"ఏంటండీ మీరు కూడా!" అన్నారు ఇన్‌ఛార్జి గారు.

"ఎగిరేది నేను కదండీ" అన్నారాయన.

ఇంజను మూతలు విప్పాం. మూలమూలా వెతికాం. లేదు. సీటు పీకి బయట పెట్టాం. సీటు కింద నేల రేకులు, వాటికి చిన్న చిన్న స్క్రూలు. ప్రతి స్క్రూ తీసి నేను డబ్బా మూతలో లెక్కపెట్టి పెడుతుంటే ఇన్‌ఛార్జి గారు గడియారం చూసుకుంటూ షెడ్డులో పచార్లు చేస్తున్నారు. రేకులు లేచాక లోపల తోక వైపు వెళ్లే చీకటి సందు. తల పట్టదు, చెయ్యి మోచేతి దాకా పడుతుంది. అక్కడికి చూపు పోవాలంటే కావలసింది అద్దం. పోయిందీ అదే.

నేను ఆ సంగతి చెప్పి బుర్ర గోక్కుంటుంటే కెప్టెన్ గారు లేచి తన గదిలోకి వెళ్లి గడ్డం గీసుకునే అద్దం తెచ్చిచ్చారు. మూల మీద ఆరిన సబ్బునురగ ఇంకా అలాగే ఉంది. దాన్ని ఒక కర్రకి కట్టి, టార్చిలైటు వేసి లోపలికి పెట్టాను.

మొదట ఏమీ లేదు. అద్దం కొంచెం వాల్చాను. పసుప్పచ్చగా ఏదో మెరిసింది.

తీగతో కొక్కెం చేసి లాగితే బయటికొచ్చింది. ఇత్తడి ఉద్ధరిణి. తీర్థం పోసే చెంచా. కాడ చివర చిన్న పాముపడగ, దాని మీద ఎండి అంటుకున్న కుంకుమ.

మీరు నమ్మండి, నమ్మకపోండి. అది చూడగానే నాకు కలిగింది సంతోషం కాదు, చిరాకు. నేను వెతుకుతున్నది అద్దం.

కెప్టెన్ గారు మాత్రం దాన్ని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. తర్వాత స్టిక్కు మొదట్లో, అది కదిలే వేలెడంత సందులో కాడని అడ్డంగా పెట్టి, స్టిక్కు వెనక్కి లాగారు. సగంలో ఆగిపోయింది. మళ్లీ లాగారు. కదల్లేదు.

నేల మీద ఉన్నప్పుడు మా విమానం తోక కిందికి వాల్చి, ముక్కు పైకెత్తి కూర్చునేది. అందుకే ఆ సందులోంచి రేకుల కింద పడ్డ ఉద్ధరిణి వెనక్కి జారి చీకట్లో పడుకుంది, స్టిక్కు హాయిగా ఆడింది. గాల్లోకి లేచి, చేను మీదకి ముక్కు దించగానే అది ముందుకి జారేది. ఆ తర్వాత చేను చివర విమానాన్ని లేపడానికి ఆయన స్టిక్కు వెనక్కి లాగేవారు.

కెప్టెన్ గారు రైతుని దగ్గరికి పిలిచి ఆ సగంలో ఆగిన స్టిక్కు చూపించారు. "మీ చేను చివర ఏముందండీ?" అని అడిగారు.

"కొబ్బరితోటండి" అన్నాడు.

ఆ తర్వాత అతను నన్ను ఇంకేమీ అడగలేదు. వెళ్లి మోటారుసైకిలు పక్కన నేల మీద కూర్చున్నాడు.

ఇన్‌ఛార్జి గారు ముందు తేరుకున్నారు. "సరే, దొరికింది కదా. రేకులు బిగించండి. పెట్టు సంతకం."

"లెక్క తేలలేదండి" అన్నాను.

"ఇంకేం లెక్క?"

"ఇది లెక్కలో లేని వస్తువండి. లెక్కలో ఉన్నది ఇంకా దొరకలేదు."

ఆయన అన్న మాటలు నాకు ఒక్కటీ మరుపు రాలేదు గానీ, చదివేవాళ్లలో ఆడపిల్లలుంటారు, రాయను. కెప్టెన్ గారు అడ్డం రాకపోతే చెయ్యి కూడా చేసుకునేవారేమో. నేను మళ్లీ సందులోకి అద్దం పెట్టాను. మా రెండో మెకానిక్కు ఈసారి జోకు వెయ్యలేదు. అతని మొహం పాలిపోయి ఉంది. కుంకుమ చూసి భయపడ్డాడనుకున్నాను. అసలు కారణం తర్వాత తెలిసింది.

ఎనిమిదయింది. షెడ్డు బయట గాలికి రేకు చప్పుడు చెయ్యడం మొదలుపెట్టింది. ఇక ఆ పూట అయిపోయినట్టే. అప్పుడు రోడ్డు మీద సైకిలు గంట వినిపించింది.

పంతులుగారు. చెమటలు కక్కుతూ సైకిలు దిగి, అంగవస్త్రంతో మొహం తుడుచుకుంటూ, ఎవరినీ పలకరించకుండా తిన్నగా నా దగ్గరికొచ్చారు. "అబ్బాయ్, నా సామానులో ఒకటి తక్కువైంది, ఒకటి ఎక్కువైంది. నిన్న మీ తర్వాత రైసుమిల్లు, బస్సులషెడ్డు, ఇంకో రెండు చోట్ల పూజ చేశాను. అన్నిచోట్లా తులసిరెమ్మతో తీర్థం ఇచ్చి నెట్టుకొచ్చాను. ఇంటికెళ్లి తోముకుని లెక్క చూసుకుంటే ఉద్ధరిణి లేదు, సంచి అడుగున ఇది ఉంది. పొద్దున్నే బయల్దేరి నేరుగా మీ దగ్గరికే వస్తున్నాను" అంటూ సంచిలోంచి మా అద్దం తీశారు.

పూజలో దేవుడికి ఒక్కొక్క ఉపచారం చేస్తూ, చివర్లో అద్దం చూపించాలి. "దర్పణం దర్శయామి" అంటారు. అద్దం లేకపోతే దాని బదులు నాలుగు అక్షింతలు వేస్తారు. నేను కొబ్బరిపెంకులు ఏరుతున్న ఆ పది నిమిషాల్లో, పంతులుగారు ఆ మాట అనగానే, మా రెండో మెకానిక్కు పంచె మీంచి అద్దం తీసి, "ఇదిగోండి, అమ్మవారికి విమానం అద్దం" అని చేతికిచ్చాడు. అందరూ నవ్వుకున్నారట. ఇన్‌ఛార్జి గారు కళ్లు మూసుకుని దణ్ణం పెట్టుకుంటున్నారట. పంతులుగారు చూపించి పళ్లెంలో పెట్టుకున్నారు. పళ్లెం సంచిలోకి వెళ్లింది.

"చెప్పొచ్చు కదయ్యా!" అన్నాను అతనితో.

"తిరిగిచ్చేశారనుకున్నా గురూ. తర్వాత గుర్తొచ్చింది. కానీ సారు అరుస్తున్నారు కదా" అని నేల చూపులు చూశాడు.

నేను ఉద్ధరిణి పంతులుగారికి ఇచ్చి, ఎక్కడ దొరికిందో చెప్పాను. ఆయన మెట్లలా ఉన్న పెట్టె మీద కూలబడ్డారు. "బొట్టు పెట్టడానికి సీటు మీద పెట్టాను నాయనా. తీసుకున్నాననే అనుకున్నాను" అని రెండుసార్లు అన్నారు. లేచి కెప్టెన్ గారి దగ్గరికి వెళ్లి, తనకంటే ముప్ఫై ఏళ్లు చిన్నవాడికి, చేతులు జోడించారు. కెప్టెన్ గారు కంగారుపడి ఆ చేతులు పట్టుకుని దించారు.

నాకు మాత్రం ఒక సంగతి తోచింది. అన్ని మైళ్ల చుట్టుపక్కల సాయంత్రం ఇంటికెళ్లి తన సామాను లెక్కపెట్టుకునేవాణ్ణి నేనొక్కణ్ణే అనుకునేవాణ్ణి. ఇంకొకరు ఉన్నారు.

అద్దం బోర్డుకి తగిలించాను. స్క్రూలు లెక్కపెట్టి రేకులు బిగించాను. సంతకం పెట్టాను. విమానం సాయంత్రం లేచింది. అప్పటికి ఆ రైతు చేలో ఇంకొన్ని దుబ్బులు పోయాయి. మిగిలింది నిలబడింది. కోతలయ్యాక అతను ఒక బస్తా కొత్తబియ్యం తెచ్చి షెడ్డు ముందు దింపాడు. ఇన్‌ఛార్జి గారికి ఇస్తున్నాడేమో అనుకున్నాను. "ఆయనక్కాదండి, మీకు. ఆయ్" అన్నాడు.

విమానం ఆగిన మూడో రోజునే నాకు మెమో వచ్చింది. విమానాన్ని అకారణంగా ఒక పూట ఆపినందుకు సంజాయిషీ ఇవ్వాలని. అందులో ఉద్ధరిణి మాట లేదు. హెడ్డాఫీసుకి వెళ్లిన రిపోర్టులో ఆ మాట ఉంది. ఇన్‌ఛార్జి గారు స్వయంగా జరిపిన ప్రత్యేక తనిఖీలో విమానంలో ఒక లోహపు వస్తువు బయటపడిందని అందులో రాశారు. నా పర్మనెంటు కాగితం ఇంకో ఏడాది ఆ బల్ల మీదే ఉంది.

మెమో రద్దు చెయ్యమని నేను రాయడం మొదలుపెట్టాను. ప్రతి ఏడాదీ దసరా ముందు ఒక అర్జీ. జవాబు రాలేదు. కెప్టెన్ గారు వేరే బేసుకి బదిలీ అయి వెళ్తూ ఒక కాగితం రాసి ఇచ్చారు. ఆ పొద్దున ఏం జరిగిందో, ఎవరు ఆపారో, నాలుగే వాక్యాలు, కింద సంతకం. అర్జీతో దాని కాపీ జత చేసేవాణ్ణి. దానికీ జవాబు రాలేదు. మా ఆవిడ, "ఇంక మానెయ్యండీ" అనేది. ఎందుకు మానాలి? తప్పు రాసినవాళ్లు మానలేదు కదా.

కానీ నా చేతిలో ఉన్నది నేను మార్చాను. అప్పటిదాకా నా రిజిస్టరులో టూల్సు మాత్రమే ఉండేవి. మనుషుల ఒంటి మీద, చేతిలో వచ్చేవి ఉండేవి కావు. నా పద్ధతిలో ఉన్న కంత అది. ఆ కంతలోంచే ఉద్ధరిణి లోపలికి వెళ్లింది. అప్పట్నించి విమానం దగ్గరికి ఎవరొచ్చినా జేబులు ఖాళీ చేసి ట్రేలో పెట్టాలి, రాయాలి, ఇచ్చానని ఒక సంతకం, తీసుకున్నానని ఒక సంతకం. మరుసటి ఏడాది దసరాకి మొదటి సంతకం పంతులుగారిదే. సంచి నేల మీద పెట్టి, ఒక్కొక్కటే తీసి తనే చదివారు. "పంచపాత్ర ఒకటి. ఉద్ధరిణి ఒకటి. గంట ఒకటి. హారతి పళ్లెం ఒకటి." పూజయ్యాక మళ్లీ అలాగే చదువుకుంటూ సంచిలో పెట్టుకున్నారు. రెక్క మీదకి ఎక్కమని ఎవరూ అడగలేదు. అడిగినా ఎక్కేవారు కారు. అద్దం దగ్గర నాలుగు అక్షింతలు వేశారు.

ఏళ్లు గడిచాయి. ఎనభైల్లో మా బేసు మూసే ముందరి దసరాకి హెడ్డాఫీసు నుంచి తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చారు. ఆయనే, మా పాత ఇన్‌ఛార్జి గారు. పెద్ద హోదా, తెల్లజుట్టు, జీపు. ఆ పొద్దున్నే పంతులుగారు వచ్చి పూజకి ఉద్వాసన చెప్పి వెళ్లారు, టూల్సన్నీ మళ్లీ బోర్డెక్కాయి.

విమానం వైపు నడుస్తుంటే నేను ట్రే పట్టుకుని అడ్డం నిలబడ్డాను. "సార్, జేబులో ఉన్నవి ఇందులో పెట్టాలండి."

ఆయన నన్ను గుర్తుపట్టారు. "నువ్వింకా మారలేదన్నమాట" అని నవ్వి, కళ్లజోడు పెట్టె, పెన్ను, తాళాలు ట్రేలో వేసి సంతకం పెట్టారు. అంతా చూశారు. బోర్డు దగ్గర కాసేపు నిలబడ్డారు. ఏమైనా అంటారేమోనని చూశాను. అనలేదు. కళ్లజోడు పెట్టె, తాళాలు తీసుకుని జీపెక్కారు.

ట్రేలో పెన్ను ఉండిపోయింది. రెండో సంతకం ఖాళీగా ఉంది.

గేటు దాకా పరుగెత్తి జీపు ఆపించాను. ఆయన తల బయటపెట్టారు. "ఏంటయ్యా?"

"పెన్ను మరచిపోయారండి."

"ఓస్, పెన్నేగా. నువ్వే ఉంచుకో."

"ఉంచుకోవడం కాదండి. లెక్క తేలలేదు."

ఆ మాట ఆయనకి గుర్తుందో లేదో నాకు తెలియదు. ఉందనే నా నమ్మకం. ఎందుకంటే డ్రైవరు ఏదో అనబోతే చేత్తో ఆపి, జీపు దిగి, సాయంత్రపు ఎండలో అంత దూరం నాతో నడిచి వచ్చారు. ట్రేలోంచి పెన్ను తీసుకున్నారు. ఆ పెన్నుతోనే సంతకం పెట్టారు. సరిగ్గా దాని పై వరసలో పంతులుగారి వణికే అక్షరాలు, "ఉద్ధరిణి ఒకటి, తీసుకున్నాను." ఆయన చూపు అక్కడ ఆగడం నేను చూశాను. పెన్ను జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు.

బేసు మూసినప్పుడు పాత రిజిస్టర్లు తగలబెట్టమన్నారు. ఆ ఒక్క పేజీ చింపుకున్నాను. నా సర్వీసులో నేను సర్కారు కాగితం తీసుకోవడం అదొక్కటే. మెమో, కెప్టెన్ గారి కాగితం, ఆ పేజీ ఒకే కవరులో ఉన్నాయి. మెమో ఇప్పటికీ రద్దు కాలేదు.

ఆ రోజు జీపు మలుపు తిరిగేదాకా చూసి షెడ్డులోకి వచ్చాను. బోర్డు వైపు చూశాను. ఎక్కడా ఎరుపు కనపడలేదు. అప్పుడు నా సంతకం పెట్టాను, విమానం కదిలింది.